గెలిస్తే మనవాడు

తెలుగులో ‘అభిమానం’ అనే మాటకి రెండు అర్థాలు. హీరో మీదో, ఆటగాడి మీదో జనానికి ఉండేది అభిమానం. అనకూడని మాట ఎవరైనా అంటే పడలేని గుణాన్ని కూడా అభిమానం అనే అంటాం. ‘ఆయన అభిమానం గల మనిషి, మళ్లీ ఆ గడప తొక్కడు’ అన్నప్పుడు మనం మాట్లాడుతున్నది ఫ్యాన్స్ గురించి కాదు కదా. మొదటిది పదిమంది ఇచ్చేది, రెండోది మనిషి తన దగ్గర ఉంచుకునేది. మామూలుగా ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం రావు. కానీ ఒక్కోసారి మొదటిది నిలుపుకోవాలంటే రెండోది వదులుకోవాల్సి వస్తుంది.

జర్మన్ ఫుట్‌బాలర్ మెసూట్ ఓజిల్‌కి 2018లో ఆ పరిస్థితి వచ్చింది. ఆ ఏడాది జులై 22న, ఇక జర్మనీ జాతీయ జట్టుకి ఆడనని ట్విట్టర్‌లో మూడు భాగాల ప్రకటన పెట్టాడు. జర్మన్‌లో రాయలేదు, ఇంగ్లిష్‌లో రాశాడు. జర్మన్ ఫుట్‌బాల్ సంఘం అప్పటి అధ్యక్షుడు రైన్‌హార్డ్ గ్రిండెల్, ఆయన్ని సమర్థించేవాళ్ల కళ్లకి తను గెలిచినప్పుడు జర్మన్, ఓడినప్పుడు వలసవాడు అని అందులో ఒక వాక్యం ఉంది. ఆ ఒక్క వాక్యం ప్రపంచమంతా తిరిగింది. ఆర్సెనల్ మ్యాచ్‌ల కోసం అర్ధరాత్రి దాకా మేలుకునే మన కుర్రాళ్ల ఫోన్లలోకి కూడా వచ్చింది.

ఆ వాక్యం వినగానే మనసు వెంటనే ఒక పక్షం తీసుకుంటుంది. కాస్త ఆగి అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. జనం ప్రేమకి షరతులు ఉండటం తప్పా? ఆటగాడి మీద ప్రేమ ఎప్పుడూ షరతులతోనే కదా వస్తుంది. గోల్ కొడితే చప్పట్లు, వదిలేస్తే ఈలలు. టికెట్ కొన్న ప్రేక్షకుడికి తల్లిలా ప్రేమించాల్సిన బాధ్యతేమీ లేదు. మరి ఓజిల్ విషయంలో తప్పు ఎక్కడ జరిగింది? అసలు జరిగిందా?

దీనికి జవాబు అతనొక్కణ్నే చూస్తే దొరకదు. అతని పక్కన ఆడినవాళ్లని కూడా చూడాలి.

2009 జూన్‌లో స్వీడన్‌లోని మాల్మోలో జర్మనీ అండర్-21 జట్టు ఇంగ్లండ్‌ని 4-0తో ఓడించి యూరప్ ఛాంపియన్ అయింది. ఆ జట్టులో నోయర్, హుమెల్స్, బోటెంగ్, హోవెడెస్, ఖెదీరా, ఓజిల్ ఉన్నారు. ఈ ఆరుగురూ ఐదేళ్ల తర్వాత బ్రెజిల్‌లో ప్రపంచకప్ గెలిచిన జట్టులో కూడా ఉన్నారు. వీళ్లలో నోయర్‌దీ ఓజిల్‌దీ ఒకే ఊరు, గెల్సెన్‌కిర్షెన్. బొగ్గుగనులు మూతబడిన రూర్ ప్రాంతపు ఊరు. ఇద్దరూ చదివింది ఒకే బడి. జూనియర్‌గా ఇద్దరూ షాల్కె క్లబ్‌లోనే ఆడారు. ఆట పరంగా చూస్తే ఇద్దరిదీ ఒకే కథ.

అయితే నోయర్‌కి అవసరం లేని ఒక పని ఓజిల్ చెయ్యాల్సి వచ్చింది. 1961లో జర్మనీ, టర్కీ కుదుర్చుకున్న ఒప్పందం కింద లక్షలమంది టర్కిష్ కార్మికులు జర్మనీ వచ్చారు. వాళ్లని ‘అతిథి కార్మికులు’ అన్నారు. అతిథి అంటే ఎప్పటికో వెళ్లిపోయేవాడనే కదా. ఓజిల్ ఆ కుటుంబాల్లో మూడోతరం పిల్లవాడు. 1988లో గెల్సెన్‌కిర్షెన్‌లోనే పుట్టాడు. కానీ అప్పటి చట్టం ప్రకారం అక్కడ పుట్టినంత మాత్రాన పౌరసత్వం రాదు. ఆ చట్టం మారింది 2000లో. జర్మన్ పౌరుడు కావడం కోసం 2007లో ఓజిల్ టర్కిష్ పౌరసత్వం వదులుకున్నాడు. పుట్టిన ఊళ్లోనే ఒకదాన్ని వదిలి ఇంకోదాన్ని ఎంచుకున్నాడు.

ఆ తర్వాత వచ్చిన ప్రజాదరణ మామూలుది కాదు. జాతీయ జట్టులో ఆ ఏటి మేటి ఆటగాడెవరో అభిమానులే ఓటేసి ఎన్నుకునే పద్ధతి అక్కడ ఉంది. 2011 నుంచి 2016 దాకా ఆరేళ్లలో ఐదుసార్లు ఓజిల్‌నే ఎన్నుకున్నారు. పక్కనే ముల్లర్, ష్వైన్‌స్టైగర్, లామ్, నోయర్ లాంటివాళ్లు ఉండగా! పత్రికల వాళ్లు ఓటేసే ‘జర్మనీ ఏటి మేటి ఫుట్‌బాలర్’ గౌరవం మాత్రం అతనికి ఒక్కసారి కూడా రాలేదు. నోయర్, ష్వైన్‌స్టైగర్, బోటెంగ్, లామ్, క్రూస్‌లకి వచ్చింది. జనం ప్రేమించారు, పెద్దలు మెచ్చలేదు అని దీన్నిబట్టి తేల్చెయ్యక్కర్లేదు. ఓట్లు వేసేవాళ్లు వేరు, వాళ్లు ఆటలో చూసేవి వేరు. ఒకటి మాత్రం తెలుస్తుంది. అతన్ని జర్మనీ ఎప్పుడూ ప్రేమించలేదు అనేది అబద్ధం. బాగా ప్రేమించింది. ప్రేమ లేకపోవడం గురించి అయితే ఇంత రాయక్కర్లేదు, ఆ ప్రేమ ఎలాంటిదన్నదే ఇక్కడ ప్రశ్న.

2010లో అతనికి బాంబీ పురస్కారం ఇచ్చారు. జర్మనీలో సినిమావాళ్లకీ క్రీడాకారులకీ ఇచ్చే పెద్ద గౌరవం అది. ఓజిల్‌కి ఇచ్చిన విభాగం పేరు ‘ఇంటిగ్రేషన్’. అంటే సమాజంలో చక్కగా కలిసిపోయినందుకు. ఎవరితో కలిసిపోయినందుకు? తను పుట్టిన ఊరివాళ్లతోనా? అదే ఊళ్లో పుట్టి, అదే బడికి వెళ్లిన నోయర్‌కి ఈ బహుమతి ఇవ్వడం కుదరదు. ఇస్తే అందరూ నవ్వుతారు. ఓజిల్‌కి ఇచ్చినప్పుడు ఎవరికీ నవ్వు రాలేదు. ఇచ్చినవాళ్ల ఉద్దేశం మంచిదే అయ్యుంటుంది. కానీ ‘బాగా కలిసిపోయావు’ అనే మెప్పులోనే ‘నువ్వు బయటివాడివి’ అన్న మాట దాగి ఉంది. 2018లో తిట్టినవాళ్లు కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. 2010లో మెచ్చుకున్నవాళ్లు గీసిన గీతకి అవతల వైపు నిలబడి మాట్లాడారంతే.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసే పోలిక లుకాస్ పొడోల్‌స్కీతో. పొడోల్‌స్కీ పోలండ్‌లోని గ్లివిత్సెలో పుట్టాడు. రెండేళ్ల వయసులో జర్మనీ వచ్చాడు. అంటే పుట్టుక లెక్కన చూస్తే ఓజిల్ కంటే అతనే ఎక్కువ ‘వలసవాడు’. 2008 యూరో కప్‌లో పోలండ్ మీద రెండు గోల్స్ కొట్టి, పండగ చేసుకోకుండా ఊరుకున్నాడు. అందరూ ముచ్చటపడ్డారు. 2014 ప్రపంచకప్‌లో అతను మైదానంలోకి దిగింది రెండే మ్యాచ్‌ల్లో. అదే టోర్నీలో ఓజిల్ ఏడు మ్యాచ్‌లూ మొదటి పదకొండుమందిలో ఉండి ఆడాడు. అయినా ఆ కప్పు జ్ఞాపకాల్లో పొడోల్‌స్కీ చిరునవ్వు ఉంటుంది. 2017లో డార్ట్‌మండ్‌లో అతనికి వీడ్కోలు మ్యాచ్ పెట్టారు. అందులో ఇంగ్లండ్ మీద గోల్ కొట్టి గెలిపించి, స్టేడియమంతా లేచి నిలబడితే వెళ్లాడు. తర్వాత పోలండ్ వెళ్లి అక్కడి క్లబ్‌లో ఆడితే, జర్మనీకి ద్రోహం చేశాడని ఎవరికీ తోచలేదు.

ఓజిల్ తన ప్రకటనలో ఇదే అడిగాడు. పొడోల్‌స్కీని, క్లోజని ఎవరూ జర్మన్-పోలిష్ అనరు, నన్నెందుకు జర్మన్-టర్కిష్ అంటారు అని. టర్కీ కాబట్టా, ముస్లింని కాబట్టా అని.

ఇక్కడ తేలిగ్గా ‘జాత్యహంకారం’ అనేసి ముగించొచ్చు. అందులో నిజం ఉంది కూడా. కానీ ప్రజాదరణలో ఇంకో పాయ కూడా ఉంది. పొడోల్‌స్కీ జోకులేస్తాడు, కొలోన్ యాసలో మాట్లాడతాడు, కెమెరా కనబడితే వెలిగిపోతాడు. ఓజిల్ మాట తక్కువ. ఓడుతున్నప్పుడు భుజాలు వాల్చేసి నడుస్తాడు. జాతీయ గీతం వచ్చేటప్పుడు పెదవి కదపడు, ఆ సమయంలో ప్రార్థన చేసుకుంటానని చెప్పాడు. జనానికి ప్రతిభ ఒక్కటే చాలదు, తమని చూసి సంతోషించే మొహం కూడా కావాలి. అందరూ తెలిసీ తెలియకా చేసే పనే ఇది. మనకీ కలుపుగోలు మనిషే ముందు నచ్చుతాడు. ముభావంగా ఉండే మనిషి మంచివాడని తెలియడానికి టైం పడుతుంది. అందులో తప్పులేదు. తప్పెక్కడంటే, సొంతవాడు ముభావంగా ఉంటే ‘అతని స్వభావం’ అంటాం, బయటివాడనుకున్న మనిషి ముభావంగా ఉంటే ‘మనమంటే ఇష్టం లేదు’ అంటాం. ఒకే వాలిన భుజాలు ఒకరి విషయంలో అలసట, ఇంకొకరి విషయంలో అనుమానానికి ఆధారం.

ఇప్పుడు ఆ ఫొటో సంగతి. దాన్ని దాటేసి ఓజిల్‌ని సమర్థించడం నిజాయితీ కాదు.

2018 మే నెలలో లండన్‌లో ఓజిల్, అతని జట్టులోనే ఉన్న ఇల్కాయ్ గుండోగన్ టర్కీ అధ్యక్షుడు ఎర్దొగాన్‌ని కలిశారు, జెర్సీలు ఇచ్చి ఫొటోలు దిగారు. గుండోగన్ జెర్సీ మీద ‘నా అధ్యక్షుడికి గౌరవంతో’ అనే అర్థం వచ్చేలా రాసిచ్చాడు. అప్పటికి టర్కీలో ఎన్నికలు ఇంకో ఆరువారాల్లో ఉన్నాయి. ఫొటోలు బయటపెట్టింది ఎర్దొగాన్ పార్టీ. 2016 నాటి తిరుగుబాటు ప్రయత్నం తర్వాత అక్కడ ఎంతోమంది జర్నలిస్టులు, అధ్యాపకులు జైళ్లలో ఉన్నారు. మా కుటుంబం వచ్చిన దేశపు అత్యున్నత పదవికి గౌరవం ఇచ్చాను, రాజకీయం లేదు అని ఓజిల్ అన్నాడు. ఈ వాదన నిలబడదు. ఎన్నికల ముందు నాయకుడి పక్కన నిలబడి దిగిన ఫొటోలో రాజకీయం లేకపోవడం ఉండదు. కోట్లమంది అనుసరించే మనిషికి తన మొహం ఎంత విలువైందో తెలియదనుకోలేం. దాని మీద అతన్ని నిలదీసే హక్కు ఎవరికైనా ఉంది. ఆ జైళ్లలో ఉన్నవాళ్ల కుటుంబాలకి అందరికంటే ఎక్కువ ఉంది.

కాబట్టి విమర్శ తప్పు కాదు. విమర్శ ఏ రూపం తీసుకుందన్నది చూడాలి.

జర్మనీ జట్టు మాజీ కెప్టెన్ లోథార్ మత్తెయస్ అదే వేసవిలో రష్యా వెళ్లి పుతిన్‌ని కలిశాడు. కొన్ని విమర్శలు వచ్చాయి. ‘నువ్వు చేసింది బాలేదు’ అన్నారు. ‘నువ్వు జర్మనువేనా’ అని ఎవరూ అడగలేదు. ఆ ప్రశ్న ఎవరికీ తట్టలేదు కూడా. నాకు మొత్తం కథలో కీలకం ఇదే అనిపిస్తుంది. మనవాడు తప్పు చేస్తే ఆ పని గురించి మాట్లాడతాం. పరాయివాడు తప్పు చేస్తే మనిషి గురించి మాట్లాడతాం. ఇంట్లో కొడుకు తప్పు చేస్తే తిడతాం, అలుగుతాం, కొన్నాళ్లు మాట్లాడటం మానేస్తాం. ‘నువ్వు ఈ ఇంట్లో పుట్టావని ఏంటి గ్యారంటీ’ అని అడగం. అడిగితే అది తిట్టు కాదు, గెంటివేత.

జూన్‌లో రష్యాలో జరిగిన ప్రపంచకప్‌లో జర్మనీ మెక్సికో చేతిలో ఓడి, స్వీడన్ మీద గెలిచి, దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడి గ్రూప్ దశలోనే ఇంటికి వచ్చింది. ఛాంపియన్ జట్టు మొత్తం బాగా ఆడలేదు. ముల్లర్, క్రూస్, హుమెల్స్, నోయర్, ఎవరూ తమ స్థాయిలో ఆడలేదు. కానీ ఓటమి తర్వాత చర్చంతా ఓజిల్ చుట్టూ తిరిగింది. సంఘం అధ్యక్షుడు గ్రిండెల్ అతను ఫొటో గురించి సంజాయిషీ ఇవ్వాలన్నాడు. బయర్న్ మ్యూనిక్ అధ్యక్షుడు ఉలి హోనెస్ అయితే అతను ఏళ్ల తరబడి చెత్తగా ఆడుతున్నాడని అన్నాడు. ఆట మీద విమర్శ, ఫొటో మీద విమర్శ, పుట్టుక మీద అనుమానం, మూడూ ఒకే మూటలో కట్టేశారు. మొదటి రెండింటికి ఓజిల్ జవాబు చెప్పాలి. మూడోదానికి ఎందుకు చెప్పాలి? మూటని విప్పకుండా ‘జవాబు చెప్పు’ అంటే, చెప్పడానికి నోరు తెరిచిన క్షణమే మూడో ప్రశ్న కూడా సబబైనదే అని ఒప్పుకున్నట్టవుతుంది. అభిమానం గల మనిషికి అక్కడే గొంతులో పడుతుంది.

అతని ప్రకటనలో అన్నీ సరైన మాటలే అని నేననను. ఫొటో గురించి మళ్లీ అవకాశం వచ్చినా అదే చేస్తానన్న ధోరణి ఉంది. తన ఆట గురించి ఆత్మవిమర్శ లేదు. టోనీ క్రూస్ అందులో సబబైన మాటల కంటే అర్థంలేని మాటలే ఎక్కువన్నాడు. జట్టులో జాత్యహంకారం లేదని ముల్లర్ కూడా అన్నాడు. వాళ్లు అబద్ధం చెప్పారని నేననుకోను. డ్రెస్సింగ్ రూమ్‌లో బహుశా నిజంగానే లేదు. కానీ ఓజిల్ ఫిర్యాదు డ్రెస్సింగ్ రూమ్ మీద కాదు, సంఘం నాయకత్వం మీద, పత్రికల మీద, గ్యాలరీలో తిట్టినవాళ్ల మీద. ‘మా ఇంట్లో అలాంటిది లేదు’ అనడం వీధిలో జరిగినదానికి జవాబు కాదు. బోటెంగ్ మాత్రం అతనికి వీడ్కోలు చెబుతూ ‘అబీ’ అన్నాడు. టర్కిష్‌లో అన్న అని.

బోటెంగ్‌కి ఆ వీధి తెలుసు. 2016లో ఏఎఫ్‌డీ నాయకుడు అలెగ్జాండర్ గౌలాండ్, జనానికి బోటెంగ్ ఫుట్‌బాలర్‌గా నచ్చుతాడు కానీ పక్కింటివాడిగా వద్దనుకుంటారు అనే అర్థంలో మాట్లాడాడు. దేశమంతా మండిపడింది. స్టేడియంలో ‘జెరోమ్, మా పక్కింటికి రా’ అని బ్యానర్లు పట్టుకున్నారు. చూడటానికి బాగుంటుంది. కానీ ఆ బ్యానర్లు ప్రపంచకప్ గెలిచిన బోటెంగ్ కోసం. ఫుట్‌బాల్ రాని బోటెంగ్ ఒకడు ఇల్లు అద్దెకి వెతుక్కుంటుంటే అతనికోసం ఎవరు బ్యానర్ పడతారు? ఒక మనిషికి దక్కిన ప్రజాదరణ అతని పేరూ రంగూ పంచుకున్న మిగతావాళ్లకి బదిలీ కాదు. అవమానం మాత్రం క్షణంలో బదిలీ అవుతుంది. ఓజిల్‌ని అన్న మాట, రూర్ ప్రాంతంలో కారు రిపేరు చేసుకునే ఇంకో మెసూట్‌కి కూడా తగులుతుంది.

మనకి ఇది మరీ దూరం కథేం కాదు. 2021 అక్టోబర్‌లో టీ20 ప్రపంచకప్‌లో పాకిస్తాన్ చేతిలో ఇండియా పది వికెట్ల తేడాతో ఓడింది. పదకొండుమంది ఓడారు. ఆన్‌లైన్‌లో తిట్లు పడింది మహమ్మద్ షమీకి, అవి బౌలింగ్ మీద తిట్లు కావు. అప్పుడు కెప్టెన్ కోహ్లీ బహిరంగంగా షమీ పక్షాన మాట్లాడాడు. మతం ఆధారంగా మనిషి మీద దాడి చెయ్యడం నీచం అన్నాడు. జర్మనీలో లోపించింది అదే. ‘నీ ఫొటో నాకు నచ్చలేదు, కానీ నువ్వు మావాడివి, అందులో చర్చలేదు’ అని పెద్ద స్థానంలో ఉన్నవాళ్లు ఆ రెండు ముక్కలూ కలిపి చెప్పి ఉంటే కథ వేరేగా నడిచేది. మొదటి ముక్క చాలామంది చెప్పారు. రెండోది గట్టిగా వినపడలేదు.

ఓజిల్ కథ తర్వాత ఎటు వెళ్లిందో కూడా చెప్పాలి. 2019లో అతని పెళ్లికి ఎర్దొగాన్ పెళ్లిపెద్దగా వచ్చాడు. అదే ఏడాది డిసెంబర్‌లో చైనాలో వీగర్ ముస్లింల మీద జరుగుతున్నదాన్ని ఖండిస్తూ పోస్టు పెట్టాడు. ముస్లిం దేశాల మౌనాన్ని కూడా తప్పుపట్టాడు. చైనా ప్రభుత్వ టీవీ ఆర్సెనల్ మ్యాచ్ ప్రసారం ఆపేసింది. వీడియో గేముల నుంచి అతని బొమ్మ తీసేశారు. క్లబ్ కూడా మాకు రాజకీయాలతో సంబంధం లేదని పక్కకి తప్పుకుంది. తెలిసి తెలిసి ప్రజాదరణని ఖర్చుపెట్టిన సందర్భం అది. 2023లో ఆట నుంచి రిటైరయ్యాడు. ఆ ఏడాదే అతని ఛాతీ మీద టర్కిష్ తీవ్ర జాతీయవాదుల ‘బూడిదరంగు తోడేళ్ల’ గుర్తు పచ్చబొట్టుగా ఉన్న ఫొటో బయటికి వచ్చింది. 2025లో ఎర్దొగాన్ పార్టీ కేంద్ర కార్యవర్గంలో చేరాడు.

‘చూశారా, మేం అప్పుడే చెప్పాం’ అన్నారు కొందరు. ఈ వాదనలో లొసుగుంది. ఒక మనిషిని ఇంట్లోంచి తోసేసి, అతను పక్కింట్లో చేరాక, ‘అతనెప్పుడూ ఆ ఇంటివాడే’ అనడం రుజువు అవ్వదు. అలాగని అతను ఎంచుకున్నవన్నీ జర్మనీ తప్పే అనడం కూడా సరికాదు. ఎదిగిన మనిషి ఎంచుకున్నదానికి అతనే బాధ్యుడు. గాయపడినవాళ్లందరూ తీవ్ర జాతీయవాదుల గుర్తు ఒంటిమీద వేయించుకోరు. నాకు అర్థమైనది ఇంతే: అన్యాయం జరిగిన మనిషి మంచివాడై ఉండాలన్న నియమం లేదు. మనకి సానుభూతి చూపించడానికి మచ్చలేని బాధితుడు కావాలి. అలాంటివాడు దొరక్కపోతే అన్యాయమే జరగలేదనుకుంటాం. ఓజిల్ రాజకీయాలు నాకు నచ్చవు. 2018లో అతన్ని అడిగిన ఆ మూడో ప్రశ్న అడగకూడనిది. ఈ రెండు వాక్యాలూ ఒకదాన్ని ఒకటి రద్దు చెయ్యవు.

మరి గుండోగన్? అతనూ గెల్సెన్‌కిర్షెన్ పిల్లవాడే. ఫొటో తర్వాత లెవర్‌కూసెన్‌లో సౌదీ అరేబియాతో ఆడిన మ్యాచ్‌లో సొంత దేశపు ప్రేక్షకులే అతని కాలికి బంతి తగిలినప్పుడల్లా గేలిచేశారు. అతను మీడియాతో మాట్లాడాడు, వివరించాడు, ఉండిపోయాడు. 2023లో జర్మనీ కెప్టెన్ అయ్యాడు. ‘చూడు, ఓపిక పడితే ఇలా ఉంటుంది’ అని అతన్ని ఓజిల్ మీద ప్రయోగించడం తేలిక. అదీ అన్యాయమే. భరించి నిలబడటం గొప్పదే కావచ్చు, దాన్ని ఇంకొకరికి హోంవర్క్‌లా ఇవ్వలేం. ఒకే అవమానానికి ఇద్దరు మనుషులు రెండు రకాలుగా బదులిచ్చారు. అవమానం చేసినవాళ్ల సంగతి మాత్రం ఆ రెండు జవాబుల వల్ల మారదు.

2024 జూన్ 27న జర్మనీలో కొత్త పౌరసత్వ చట్టం అమల్లోకి వచ్చింది. జర్మన్ పౌరులు కావడానికి ఇక పాత పౌరసత్వం వదులుకోనక్కర్లేదు. ఎనిమిది రోజుల తర్వాత, జులై 5న, స్టుట్‌గార్ట్‌లో యూరో క్వార్టర్ ఫైనల్‌లో గుండోగన్ కెప్టెన్సీలో జర్మనీ స్పెయిన్ చేతిలో 1-2తో ఓడింది. సొంతగడ్డ మీద, అదనపు సమయం ఆఖర్లో పడిన గోల్‌తో. జనం ఏడ్చారు, రిఫరీని తిట్టారు. కొద్ది వారాలకి గుండోగన్ జాతీయ జట్టుకి వీడ్కోలు చెప్పాడు, కృతజ్ఞతలు చెప్పి వెళ్లాడు. ఓడిపోయాడు, అయినా ఎవరూ అతన్ని నువ్వెవరని అడగలేదు. గెలిచినప్పుడు దొరికే ప్రేమ కంటే ఆ అడగకపోవడమే పెద్దదని నాకనిపిస్తుంది.